అంబులెన్స్ కొనే ముందు ఒక మాట

(చెన్నైలోని ఒక తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు ఫోన్ చేసినప్పుడు, "అమ్మా, సంఘం తరఫున ఒక అంబులెన్స్ కొనాలనుకుంటున్నాం, దాత కూడా దొరికారు. మీరొచ్చి నాలుగు మంచి మాటలు చెబితే మిగతా చందాలు కూడా వసూలైపోతాయి" అన్నారు. వచ్చాను. కానీ కొనమని చెప్పడానికి కాదు, కొనొద్దని చెప్పడానికి. (నవ్వులు) దాతగారు ముందు వరుసలోనే ఉన్నారు, ఏమీ అనుకోకండి. చివరిదాకా వినండి, మీ డబ్బుకి ఇంతకంటే మంచి పని చూపిస్తాను.

నేను డాక్టర్ని కాదు. ఈ ఊళ్ళో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో తెలుగువాళ్ళ కోసం పెట్టిన డెస్క్‌లో చాలా ఏళ్ళు పని చేశాను. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, కడప నుంచి వచ్చేవాళ్ళకి తమిళం రాదు, డాక్టరుకి తెలుగు రాదు. మధ్యలో నేను. డాక్టరు చెప్పింది వీళ్ళకి చెప్పడం, వీళ్ళ భయం డాక్టరుకి చెప్పడం. దానికోసమే నన్ను పెట్టుకున్నారు. కానీ రోజులో సగం పోయేది బిల్లుల దగ్గర. అందులోనూ ఆసుపత్రి బిల్లుకి ఒక లెక్కా పత్రం ఉంటుంది, కంప్యూటర్లోంచి వస్తుంది. అంబులెన్స్ బిల్లు మాత్రం చాలాసార్లు ఒక చిన్న పుస్తకంలోంచి చించిన కాగితం.

మనవాళ్ళకీ ఈ ఊరి ఆసుపత్రులకీ ఉన్న సంబంధం మీకు తెలియంది కాదు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, మూలాలు 1664 నాటివి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో వచ్చింది. 1983లో గ్రీమ్స్ రోడ్డులో అపోలో పెట్టిన ప్రతాప్ సి. రెడ్డి గారిది చిత్తూరు జిల్లా అరగొండ. మా నెల్లూరు వైపు అక్కడి డాక్టరు చేతులెత్తేస్తే చెప్పే మాట ఒక్కటే: "మద్రాసు తీసుకెళ్ళండి." ఆంధ్రా సర్కారు కూడా 2019 నవంబరు నుంచి ఆరోగ్యశ్రీని, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నదాన్ని, కొన్ని పెద్ద చికిత్సలకి చెన్నై, బెంగళూరు ఆసుపత్రుల్లో కూడా వర్తింపజేసింది. ఆపరేషన్‌కి కార్డు పని చేస్తుంది. అంబులెన్స్ డ్రైవరు మాత్రం చేతిలో డబ్బే అడుగుతాడు.

అందుకే మన సమస్య ఈ ఊరి తమిళుడి సమస్య కాదు. మైలాపూర్‌లో ఒకాయనకి గుండెనొప్పి వస్తే ఆసుపత్రి నాలుగైదు కిలోమీటర్లు. మనవాడిది నూరు, నూట డెబ్భై కిలోమీటర్ల ప్రయాణం. మధ్యలో రాష్ట్రం సరిహద్దు. మనకి అంబులెన్స్ అంటే దూరప్రయాణం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నిజమైన ఎమర్జెన్సీకి ఈ దేశంలో అంబులెన్స్ ఉచితం. 108 మొదలైంది మన దగ్గరే, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో. తమిళనాడుకి 2008 సెప్టెంబరులో వచ్చింది. ఇక్కడి కంట్రోల్ రూమ్ తేనాంపేటలో డీఎంఎస్, అంటే వైద్య సేవల డైరెక్టరేట్, ఆవరణలో ఉంది. ట్రాఫిక్‌లో దూరిపోవడానికి బైకు అంబులెన్సులు ఉన్నాయి, పుట్టిన పసికందుల కోసం వేరే బండ్లు ఉన్నాయి. ఒక్క రూపాయి తీసుకోరు. ఇంట్లో పెద్దాయన కుప్పకూలితే ప్రైవేటు బండి నంబరు వెతుక్కుంటూ కూర్చోవద్దు, ముందు 108 కొట్టండి. తమిళం రాకపోయినా ఫరవాలేదు. ఏరియా పేరు, పక్కన ఏ గుడి, ఏ బస్‌స్టాప్ ఉందో చెప్పండి చాలు. వీధి చివర ఒక మనిషిని నిలబెట్టండి.

మరి ఇంత ఉచితంగా ఉంటే మనవాళ్ళ జేబు ఎక్కడ కాలుతోంది?

నా డెస్క్ దగ్గరికి వచ్చిన గొడవల్లో ఎక్కువ భాగం ఎమర్జెన్సీవి కావు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చడం. డిశ్చార్జ్ అయ్యాక ఊరికి తీసుకెళ్ళడం. ప్రాణం పోయాక ఇంటికి చేర్చడం. 108 పని ప్రమాదంలో ఉన్న మనిషిని దగ్గర్లో ఉన్న సరైన ఆసుపత్రికి చేర్చడం. మీకు నచ్చిన ఆసుపత్రికి తీసుకెళ్ళదు, డిశ్చార్జ్ అయిన అత్తగారిని గూడూరులో దింపదు. తప్పు పట్టనక్కర్లేదు, అది దింపడానికి వెళ్తే ఇక్కడ గుండెపోటు వచ్చినవాడికి బండి ఉండదు. కాబట్టి ఈ మూడు ప్రయాణాలకీ ఎక్కువసార్లు ప్రైవేటు బండే గతి. ఇప్పుడొక్కసారి ఆలోచించండి. ఈ మూడింట్లో దేనికీ నిమిషాల లెక్క లేదు. చాలాసార్లు గంటల సమయం ఉంటుంది, డిశ్చార్జ్ అయితే రోజుల ముందే తెలుస్తుంది. అయినా మనం బేరం ఎప్పుడు మొదలుపెడతాం? స్ట్రెచర్ లిఫ్టులో కిందికి దిగాక.

ఒక బిల్లు సంగతి చెబుతాను. గూడూరు దగ్గర పల్లెటూరి మనిషి, వాళ్ళమ్మకి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయింది. ఆవిడ శుభ్రంగా లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. నడవలేదు, కూర్చుని కారులో అంత దూరం వెళ్ళలేదు, అంతే. పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి కావాలి. వార్డులో ఎవరో నంబరిచ్చారు, బండి వచ్చింది. ఊరు చేరాక డ్రైవరు ఇచ్చిన కాగితం వాట్సాప్‌లో నాకు పంపి, "అమ్మా, ఇది న్యాయమేనా?" అని అడిగాడా అబ్బాయి. కిలోమీటర్లు రెండు వైపులా. ఆక్సిజన్. మానిటర్. స్టాఫ్ నర్సు. డ్రైవర్ బత్తా. నైట్ ఛార్జి. క్లీనింగ్. టోల్. కింద జీఎస్టీ అని కూడా రాసి, ఒక అంకె.

ఒక్కో వరుస నేను ఆ అబ్బాయితో కూర్చుని చూశాను. ఆవిడకి దారిలో ఆక్సిజన్ పెట్టలేదు. మానిటర్ బండిలో ఉంది, కానీ వైర్లు ఆవిడకి తగిలించలేదు. నర్సు అని రాసిన చోట వచ్చింది డ్రైవరు తమ్ముడు. ఇవన్నీ వాదించుకోవాల్సినవి, సరే. టోల్, జీఎస్టీ రెండింటికీ మాత్రం వాదన కూడా అక్కర్లేదు. జాతీయ రహదారుల టోల్ నిబంధనల్లో అంబులెన్స్‌కి మినహాయింపు ఉంది. శవాన్ని తీసుకెళ్ళే బండికి కూడా ఉంది. అలాగే రోగిని అంబులెన్స్‌లో చేరవేసే సేవ జీఎస్టీ మినహాయింపుల జాబితాలో ఉంది. కట్టనే కట్టని టోల్, అక్కర్లేని పన్ను, రెండూ ఆ అబ్బాయి దగ్గర తీసుకున్నారు. ఫోన్ చేసి ఈ రెండు ముక్కలూ అడిగితే డ్రైవరు ఓనర్‌ని అడగమన్నాడు, ఓనరు కాస్త నసిగి ఆ డబ్బు వెనక్కి పంపాడు. మిగతాది పంపలేదు. "బండిలో ఉన్నాయి కదా మేడం, వాడుకోకపోతే నా తప్పా" అన్నాడు.

ఆ మాటలోనే మీకు కిటుకు దొరుకుతుంది. బండిలో ఏముందో దాన్నిబట్టి ధర. కాబట్టి ముందు ఏ బండి కావాలో మనం తేల్చుకోవాలి. మన దేశంలో అంబులెన్సులకి ఏఐఎస్ 125 అని ఒక ప్రమాణం ఉంది. అందులో నాలుగు రకాలు. మొదటిది 'ఏ' రకం, ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స చేసేది, బైకు లాంటిది. బీ రకం ఊరికే రోగిని పడుకోబెట్టి చేరవేసేది. సీ రకంలో ఆక్సిజన్ లాంటి ప్రాథమిక ప్రాణరక్షణ సామగ్రి, అది తెలిసిన మనిషి ఉంటారు. డీ రకం అంటే వెంటిలేటర్ వగైరాలతో చక్రాల మీద ఐసీయూ. గూడూరు అమ్మకి కావలసింది బీ. ఎక్కించింది డీ. మనవాళ్ళు కూడా తక్కువ వాళ్ళు కాదులెండి, "మా నాన్నకి ఐసీయూ బండే కావాలి, డబ్బుకి చూడం" అంటారు కొడుకులు. అమెరికా నుంచి ఫోన్లో అనే కొడుకు మరీనూ. (నవ్వులు)

అమెరికా అంటే గుర్తొచ్చింది. మీ పిల్లల్ని అడగండి, అక్కడ అంబులెన్స్ పిలవాలంటే గుండెలు గుబేలుమంటాయి. ఇన్సూరెన్స్ ఉన్నా వెయ్యి డాలర్ల పైన బిల్లు ఇంటికి రావడం అక్కడ వింతేమీ కాదు. ఊబర్ ఎక్కి క్యాజువాలిటీకి వెళ్ళినవాళ్ళున్నారు. అనుకోని బిల్లుల నుంచి రోగుల్ని కాపాడడానికని అక్కడ ఒక చట్టం చేసి 2022 జనవరి నుంచి అమలు చేశారు. అందులో హెలికాప్టర్ అంబులెన్స్‌ని చేర్చారు, రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌ని వదిలేశారు! అంత పెద్ద దేశానికే కొరుకుడుపడని విషయం ఇది. మన దగ్గర ఎమర్జెన్సీ ముక్క ఉచితంగా ఉంది, ఆ ఒక్కదానికి దండం పెట్టుకోవాలి.

సరే, మన దారికి వద్దాం. ఏ బండి కావాలో తేల్చేది మనం కాదు, కొడుకు కాదు, డ్రైవరు అసలే కాదు. వైద్యం చేసిన డాక్టరు. డిశ్చార్జ్ అయ్యే ముందురోజు రౌండ్స్‌లో అడగండి: "దారిలో ఆక్సిజన్ కావాలా? కావాలంటే నిమిషానికి ఎన్ని లీటర్లు? పక్కన ఎవరుండాలి?" ఈ ముక్కలు చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ చూపించి రేటు అడిగితే సగం మాయలు అక్కడే ఆగిపోతాయి.

ఆక్సిజన్ గురించి కొంచెం ఆగి చెబుతాను, ఇది డబ్బు విషయం మాత్రమే కాదు. అంబులెన్సుల్లో మామూలుగా కనిపించే, మనిషి మోయగలిగే సిలిండర్‌ని బీ టైప్ అంటారు. ఈ అక్షరాలు సిలిండర్లవి, బండి రకాలతో కలపకండి. నిండుగా ఉంటే దాదాపు 1,500 లీటర్లు. వార్డుల్లో ఉండే నిలువెత్తు సిలిండర్ డీ టైప్, దాదాపు 7,000 లీటర్లు. రోగికి నిమిషానికి 10 లీటర్లు పెట్టారనుకోండి. 1,500ని 10తో భాగించండి, 150 నిమిషాలు. రెండున్నర గంటలు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఊళ్ళోకి వచ్చాక మాధవరం దగ్గరో కోయంబేడు దగ్గరో ట్రాఫిక్. రెండున్నర గంటల్లో బెడ్ మీదకి చేరతామని ఎవరూ హామీ ఇవ్వలేరు. అంటే ఒక్క చిన్న సిలిండర్‌తో బయల్దేరిన బండిలో ఆక్సిజన్ దారిలోనే అయిపోవచ్చు. సిలిండర్ మెడ దగ్గర గుండ్రటి మీటర్ ఉంటుంది. నిండా ఉంటే ముల్లు 150 దగ్గర ఉంటుంది. సగంలో ఉంటే సగం సమయమే. బండి ఎక్కే ముందు వంగి ఆ ముల్లు చూడండి, రెండో సిలిండర్ ఎక్కడని అడగండి. "ఉంది సార్, ఉంది" అంటే కుదరదు, చూపించమనండి. ఆక్సిజన్‌కి డబ్బు కడుతున్నప్పుడు ఆక్సిజన్ ఉందో లేదో చూసే హక్కు మనకుంది.

రేటు ఎంత న్యాయం? దీనికి ఒక కొలబద్ద ఉంది. కరోనాలో అంబులెన్సులవాళ్ళు జనాన్ని పీల్చి పిప్పి చేశారు. 2020 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ సహేతుకమైన రేట్లు పెట్టాలని చెప్పింది. 2021 మే నెలలో తమిళనాడు సర్కారు రేట్లు ప్రకటించింది. మామూలు బండికి మొదటి 10 కిలోమీటర్లకి 1,500 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 25. ఆక్సిజన్ వసతులున్న బండికి 2,000, ఆపైన 50. వెంటిలేటర్ బండికి 4,000, ఆపైన 100. ఇది కరోనా కాలానికి పెట్టిన లెక్క, ఇవాళ దీన్ని పట్టుకుని డ్రైవరు మెడ మీద కూర్చోమని నేననను. కానీ లెక్క వేసి చూడండి. నెల్లూరుకి మామూలు బండి: 1,500, మిగతా 165 కిలోమీటర్లకి 4,125, మొత్తం 5,625. వెంటిలేటర్ బండి అయితే 4,000, దానికి 16,500 కలిపితే 20,500. ఒకే రోడ్డు, ఒకే దూరం, ఎక్కిన బండిని బట్టి దాదాపు 15,000 తేడా. గూడూరు అమ్మ కొడుకు కట్టింది ఇలాంటి తేడానే.

ఇప్పుడు డ్రైవర్ల తరఫున కూడా మాట్లాడాలి. వాళ్ళు కూడా మన డెస్క్ దగ్గరే టీ తాగేవాళ్ళు, వాళ్ళ బాధ నాకు తెలుసు. నెల్లూరు దింపి వెనక్కి ఖాళీగా రావాలి. పోనూ రానూ 350 కిలోమీటర్లు. లీటరుకి పది కిలోమీటర్లు వచ్చే వ్యాన్ అనుకుంటే 35 లీటర్ల డీజిల్, లీటరు 90 రూపాయల పైనే, అంటే మూడు వేలకి పైగా డీజిల్‌కే. సర్కారు రేటులో మిగిలేది రెండు వేల చిల్లర. అందులో డ్రైవరు, తోడొచ్చిన మనిషి, బండి కిస్తీ, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. నన్నడిగితే మామూలు బండికి సర్కారు పెట్టిన రేటు మరీ తక్కువ. ఆ రేటుకి అర్ధరాత్రి నెల్లూరు రమ్మంటే ఎవరూ రారు. వచ్చినవాడు ఆక్సిజన్ అనో క్లీనింగ్ అనో వరుసలు పెంచుకుంటాడు. వచ్చే దారి డబ్బులు అడగడం తప్పు కాదు. ముందు చెప్పకుండా అడగడం తప్పు.

ఇంకో ఖర్చు బిల్లులో ఎక్కడా కనిపించదు. కమిషన్. రోగిని ఫలానా ఆసుపత్రికి తెస్తే డ్రైవరుకి ఇంత అని ఇచ్చే అలవాటు ఈ వ్యాపారంలో ఉందని అందరికీ తెలుసు. అలాగే నంబరిచ్చిన వార్డుబాయ్‌కి డ్రైవరు ఇచ్చే కమిషన్. ఈ రెండోది సీదాగా మీ బిల్లులో కలుస్తుంది. మొదటిది ఇంకా ప్రమాదం, మీరు అనుకున్న ఆసుపత్రి ఒకటి, బండి ఆగేది ఇంకోటి. "అక్కడ బెడ్ లేదంట సార్, ఇక్కడ పెద్ద డాక్టరున్నాడు" అంటాడు. ఆ సమయంలో మనిషికి బుర్ర పనిచేయదు, సరేనంటాడు.

బెడ్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేను చూసిన పెద్ద పెద్ద అంబులెన్స్ బిల్లులన్నీ బెడ్ దొరక్క తిరిగిన బిల్లులే. కడప నుంచి బయల్దేరేటప్పుడు అక్కడి డాక్టరు, "వెళ్ళండి, వెళ్తే చేర్చుకుంటారు" అని చీటీ రాసిస్తాడు. ఎవరితో మాట్లాడారు? ఏ వార్డు? ఏమీ ఉండదు. తెల్లారుజామున ఇక్కడికి వచ్చాక ఐసీయూ నిండి ఉంటుంది. ఇంకో ఆసుపత్రికి. అక్కడ క్యాజువాలిటీ గుమ్మం ముందు గంట. వెయిటింగ్ ఛార్జి. లోపల ఉన్నవాడికి ఆక్సిజన్ అయిపోతూ ఉంటుంది. ఇది వినడానికి చిన్న విషయం. బయల్దేరే ముందు ఇక్కడి డాక్టరు పేరు, బెడ్ నంబరు తెలుసుకున్న కుటుంబానికీ తెలుసుకోని కుటుంబానికీ బిల్లులో వేల తేడా వస్తుంది. ప్రాణంలో వచ్చే తేడా వేరే చెప్పక్కర్లేదు. ఒకవేళ ఆసుపత్రి గుమ్మంలో ఆపేస్తే, ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు ప్రాణరక్షణ చికిత్స చేయడం డాక్టర్ల బాధ్యత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొంతు పెంచకుండా గట్టిగా అడగండి.

రోడ్డు ప్రమాదాలైతే ఇంకా దారులున్నాయి, త్వరగా చెప్పేస్తాను. తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి "ఇన్నుయిర్ కాప్పోం" పథకం ఉంది, ప్రమాదం జరిగిన తర్వాత మొదటి 48 గంటల చికిత్స గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఒక పరిమితి వరకు ఉచితం. ఏ రాష్ట్రం వాళ్ళయినా సరే, తమిళనాడు హద్దుల్లో ప్రమాదం జరిగితే చాలు. కేంద్రం కూడా 2025 మేలో లక్షన్నర దాకా క్యాష్‌లెస్ పథకం తెచ్చింది. గుమ్మిడిపూండి దగ్గర మన బండి పల్టీ కొడితే భయపడి నెల్లూరు వెనక్కి తిప్పకండి. దారిన పోయేవాళ్ళు తీసుకెళ్ళినా పోలీసు గొడవలుండవు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ వాళ్ళని కాపాడుతుంది.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క. చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరినప్పుడు అంబులెన్స్ ఖర్చు ఒక పరిమితి వరకు ఇస్తారు. కానీ ఆ చించిన కాగితం ఇస్తే ఇవ్వరు. బండి నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, సంతకం, రసీదు కావాలి.

ఇక మూడో ప్రయాణం. దీని గురించి మనవాళ్ళు ముందే మాట్లాడుకోరు, అపశకునం అనుకుంటారు. అందుకే ఇందులోనే అందరూ ఎక్కువ మోసపోతారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. పదేళ్ళ కొడుకు చనిపోతే, అక్కడి అంబులెన్సులవాళ్ళు వేలల్లో అడిగి, ఊరి నుంచి తక్కువకి పిలిపించుకున్న బండిని కూడా లోపలికి రానివ్వక, ఆ తండ్రి పిల్లవాడి శవాన్ని బైకు మీద 90 కిలోమీటర్లు తీసుకెళ్ళాడు. అరెస్టులయ్యాయి, సస్పెన్షన్లయ్యాయి. దాంట్లో నేను పట్టుకున్నది ఒకటి: ఆ ఇంటివాళ్ళు బేరం చేయగలిగారు, తక్కువకి బండి తెచ్చుకోగలిగారు కూడా. గేటు దగ్గర కూటమి కట్టిన వాళ్ళు దాన్ని ఆపేశారు. అంటే రేటు తెలిస్తే చాలదు, గేటు లోపల మన తరఫున మాట్లాడే మనిషి ఉండాలి.

చెన్నైలో ప్రభుత్వాసుపత్రిలో పోయినవాళ్ళని ఇంటికి చేర్చడానికి ఉచిత బండ్లున్నాయి, ఇక్కడ అమరర్ ఊర్తి అంటారు, నంబరు 155377. రాసుకోండి. ఆసుపత్రి లోపల బండి కుదిర్చిపెట్టే ఏజెంటు ఈ నంబరు మీకు చెప్పడు.

ఇప్పుడు దాతగారి దగ్గరికి వస్తున్నాను. (నవ్వులు) బండి కొనడం సులువు. రిబ్బను కత్తిరిస్తాం, రెండు పక్కలా పేర్లు రాయిస్తాం, ఫోటో పేపర్లో పడుతుంది. మర్నాటి నుంచి? ఇరవై నాలుగు గంటలు నడవాలంటే షిఫ్టుకి ఒకరు చొప్పున డ్రైవర్లు, సెలవులకి ఇంకొకరు. తోడు వెళ్ళే శిక్షణ ఉన్న మనిషి. ఆక్సిజన్ నింపించడం, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, టైర్లు. రాత్రి రెండు గంటలకి ఫోన్ ఎత్తేదెవరు? మన కార్యదర్శిగారా? ఎన్నో సంఘాలు, గుళ్ళు, క్లబ్బులు ఇచ్చిన అంబులెన్సులు షెడ్డుల్లో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి, మీలో సగం మంది చూసే ఉంటారు. పైగా ఒక్క బండి. అది కడప వెళ్ళిన రోజు తిరుపతి వాళ్ళకి లేదు.

ఈ ఊళ్ళో బండ్లకి కొదవ లేదు. కొదవ ఉన్నది ముందే కుదిరిన రేటుకి, మాట్లాడి పెట్టే మనిషికి. పెళ్ళికి మేళం ఆరు నెలల ముందే కుదుర్చుకుంటాం, ఎంత, ఎన్ని గంటలు, భోజనం ఎవరిది అన్నీ మాట్లాడుకుంటాం. అంబులెన్స్‌కి సంఘం తరఫున అదే చేద్దాం. మూడు నాలుగు బండ్లవాళ్ళని పిలుద్దాం. ఏడాదికి ఇన్ని ట్రిప్పులు మా దగ్గరి నుంచి వస్తాయి, ఊరికో రేటు, రకానికో రేటు కాగితం మీద రాసివ్వండి అందాం. వచ్చే దారి, వెయిటింగ్, రాత్రి ఛార్జి అన్నీ కలిపిన అంకె. దాతగారి డబ్బుతో ఒక అబ్బాయినో అమ్మాయినో జీతానికి పెట్టుకుందాం, తెలుగూ తమిళమూ వచ్చినవాళ్ళని. వాళ్ళ నంబరు గ్రీమ్స్ రోడ్డు, అడయార్, పోరూరు చుట్టుపక్కల మనవాళ్ళు దిగే లాడ్జీలన్నిటిలో అంటిద్దాం. మిగిలిన డబ్బు లేనివాళ్ళ ట్రిప్పులకి.

ఎవరో చెయ్యెత్తారు, అడగండయ్యా.

(ప్రశ్న: బండివాళ్ళు రాసిచ్చి, తీరా అవసరానికి బండి లేదంటే?)

అంటారు. అందుకే ఒక్కరితో కుదుర్చుకోవద్దన్నాను. ఒప్పందంలో కొంత డబ్బు వాళ్ళది మన దగ్గర పెట్టించుకోవాలి, ఒప్పుకున్న బండి పంపకపోతే అందులోంచి కోత. డబ్బు పెట్టం అన్నవాళ్ళని వదిలేయండి. రేట్లు రాసివ్వం అన్నవాళ్ళని అసలు లోపలికి రానివ్వకండి.

(ప్రశ్న: అమ్మా, దాతగారి పేరు ఎక్కడ రాయాలి మరి?)

(నవ్వులు) ప్రతి రసీదు మీద రాయండి. బండి మీద పేరు రోడ్డున పోయేవాళ్ళు చూస్తారు, రసీదు మీద పేరు ఆ ఇంటివాళ్ళు దాచుకుంటారు. ఏమంటారు సార్? ఆయన తలూపుతున్నారు, రాసుకోండి కార్యదర్శిగారూ. మొదటికి అన్ని ఊళ్ళూ వద్దు. నెల్లూరు, తిరుపతి, కడప, ఈ మూడింటికి బీ రకం, డీ రకం రేట్లు తెప్పించండి. వచ్చే నెల సమావేశానికి ఆ కాగితాలు నాకు పంపితే, టోల్ ఎవరెవరు వేశారో ముందు అది చూస్తాను.